ఎర్రగా కాలిన రొట్టె

గాజు గొట్టంలో నీలి మందు ఇటుకరాయి రంగుకి తిరిగిన చోట పోయిన వారం సుభద్రమ్మని వదిలేశాం. పాపం, వారం పొడుగునా ఆవిడ ఆ గొట్టం పట్టుకుని మన కోసం అలాగే నిలబడిపోయింది. ముందు సంగతులు రెండు ముక్కల్లో చెప్పేసుకుని ఆవిడ చేత గొట్టం కింద పెట్టించేద్దాం.

నరసన్నపేటలో సుభద్రమ్మ మొగుడు, రైతు జగన్నాధానికి చక్కెర జబ్బు. పొలంలో ముల్లు గుచ్చుకున్న బొటనవేలి పుండు పాదమంతా పాకింది. కాంపౌండరు కొండబాబు రోజూ వచ్చి ఇన్సులిన్ పొడిచి పోతున్నాడు. శ్రీకాకుళం డాక్టరుగారు అన్నం మాన్పించారు, తీపి మాన్పించారు, కాళ్ళ వాపు చూసి ఉప్పు కూడా మాన్పించారు. పథ్యం ఎంత గట్టిగా చేస్తున్నా మూత్రంలో చక్కెర ఉంటే నీలి మందు ఎర్రబడే పరీక్షలో ఎరుపు దిగకపోయేసరికి చివరికి ఒక మాట చెప్పేశారు. "ఇంత పథ్యంలోనూ లొంగలేదంటే ఇక లొంగదు. విషం పైకెక్కకముందే మోకాలి కింద తీసెయ్యాలి. రేపు నా దగ్గరికి తీసుకురండి, విశాఖపట్నం పంపిస్తాను" అన్నారు. ఆ రేపు ఈ రోజే. జగన్నాధం అన్న గణపతిరావు పాతపట్నం నుంచి జీపు వేసుకుని తెల్లవారేసరికి వీధిలో దిగాడు. చివరిసారిగా చేసిన పరీక్షలో కూడా ఎరుపే వచ్చింది.

"ఏటి రంగు?" అన్నాడు గణపతిరావు, చెప్పులైనా విడవకుండా.

"ఎరుపే, పెద్ద బావా."

"ఎరుపెలాగొస్తాది? ఊరు ఊరంతా కంట్రోలు సక్కెర దొరక్క కొట్టు కాడ కొట్టుకు సస్తంటే, నా తమ్ముడి ఒంట్లోకి ఎక్కణ్ణించొస్తన్నాది సక్కెర? గాల్లోంచొస్తన్నాదా? ఆడు తినీది నువ్వు కాల్సిన రొట్టే కదా! ఏటి కలిపి పెడతన్నావో నిజం సెప్పు."

నిజం సెప్పట! సుభద్రమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఈ ఇంటికి ఆవిడ పరాయిది కాదు. అత్త జగ్గమ్మ స్వయానా తండ్రికి చెల్లెలు. చిన్నప్పుడు ఇదే గణపతిరావు భుజాల మీదెక్కి తిరిగిన పిల్ల. అలాంటిదాన్ని పట్టుకుని, మొగుడికి చాటుగా విషం పెడుతున్నట్టు నిలదీస్తున్నాడు. పక్క గదిలో మంచం మీద జగన్నాధం మెలకువగానే ఉన్నాడు. అక్కడి నుంచి ఒక్క మాట రాలేదు.

"రొట్టే కదా, తెస్తాను. మీరే సూడండి" అని ఆవిడ విసురుగా వంటింట్లోకి వెళ్ళింది.

ఆ రొట్టె సంగతి చెప్పాలి. ఆ రొట్టె కోసం ఆవిడ పడ్డ పాట్లు పగవాళ్ళకి కూడా వద్దు. జొన్నపిండి, గోధుమ తవుడు, చిటికెడు వంటసోడా వేసి నీళ్ళతో కలిపి, గుడ్డ కప్పి నాననిచ్చేది. దళసరి మూకుట్లో పరిచి, కింద నిప్పులు, మూతగా పెట్టిన రేకు మీద నిప్పులు వేసి, అటూ ఇటూ సమంగా కాల్చేది. తీపికి సాకరిన్ బిళ్ళ. మొదట్లో బిళ్ళని పిండిలోనే నూరి కలిపితే నిప్పు సెగకి రొట్టె కటిక చేదైంది. జగన్నాధం మొదటి ముక్క ఉమ్మేసి, "కుక్కకెయ్యి, అదీ తినదు" అన్నాడు. ఆవిడ ఆ పూట కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తర్వాత తనే కనిపెట్టింది. బిళ్ళని గోరువెచ్చని నీళ్ళలో కరిగించి, రొట్టె దింపిన తర్వాత గుడ్డ పీలికతో పైన తడిపితే చేదు సగానికి సగం తగ్గుతోంది. ఇంకొన్నాళ్ళకి ఆ సగమూ పోయింది. "సెయ్యి తిరిగిందే సుభద్రా, సేదన్న మాటే నేదు" అని మొగుడు మెచ్చుకున్నాడు. డాక్టరుగారి చెవిన పడి, తన దగ్గరికొచ్చే చక్కెర జబ్బు వాళ్ళ ఇల్లాళ్ళని "నరసన్నపేట సుభద్రమ్మగారి దగ్గర నేర్చుకోండమ్మా" అని పంపడం మొదలుపెట్టారు. బడి మొహం చూడని ఆడదాన్ని డాక్టరు 'గారు' అన్నాడంటే చిన్న మాటా? ఆవిడ ఆ మాట గుర్తు చేసుకుని ఒంటరిగా నవ్వుకునేది.

ప్రయాణానికని కాల్చిన రొట్టె బుట్టలోంచి తీసి గుమ్మం వెలుతురులో పట్టుకుంది. దోరగా, ఎర్రగా, నిగనిగలాడుతూ కాలింది. రోజూ చూసి మురిసిపోయిన రంగే. ఈ పూట ఎందుకో ఆ రంగు చూసి ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

తీపి లేని పిండి ఇలా ఎర్రబడుతుందా?

అరిసెలు వండే ప్రతి ఆడదానికీ తెలిసిన సంగతి ఇది. పిండి ఎర్రబడేది బెల్లం పడితేనే. మొదట్లో కాల్చిన రొట్టెలు ఎలా ఉండేవి? బూడిద పూసినట్టు తెల్లగా, పాలిపోయి ఉండేవి. ఎప్పుడు రంగు తిరిగిందో, చేదు ఎప్పుడు పోయిందో తల్చుకుంటే రెండూ ఒకేసారి జరిగాయి. తన చేతి మహిమ అనుకుంది గానీ, ఎందుకిలా అయిందని ఒక్కనాడు అడుక్కోలేదు.

ఇన్నాళ్ళూ రుచి చూడలేదా అని మీరు అడగొచ్చు. చూడనిస్తే కదా! "మొగుడి పథ్యం పెళ్ళాం నాలిక్కి తగిలితే పథ్యం పట్టదు, రోగం తిండి ముత్తయిదువు ముట్టకూడదు" అని జగ్గమ్మ మొదటి రోజే కట్టడి చేసింది. మేనత్త మాట కదా అని సుభద్రమ్మ నోరు కట్టేసుకుంది.

ఇప్పుడు కట్టడీ లేదు, గిట్టడీ లేదు. రొట్టె విరిచి నోట్లో వేసుకుంది. తాటిబెల్లం. వాసనతో సహా తాటిబెల్లం. ఇంత తీపి! ఆవిడకి ముందు కోపం రాలేదు, సిగ్గేసింది. ఎవరో చేసిన తీపికి తన చెయ్యి మంచిదని మురిసిపోయినందుకు నేల చీలితే బాగుండుననిపించింది. కోపం ఆ తర్వాత వచ్చింది. వచ్చాక ఇక ఆగలేదు.

పిండి డబ్బాతో సహా గణపతిరావు ముందుకొచ్చి, రొట్టె ముక్క నలిపి నీళ్ళలో వేసి, గుడ్డలో వడగట్టి, ఆ నీళ్ళు ఒక గొట్టంలో పోసింది. ఇంకో గొట్టంలో తన పిండి డబ్బాలోంచి తీసి, గణపతిరావు కళ్ళెదుటే కలిపిన పిండి నీళ్ళు పోసింది. రెంటిలోనూ నీలి మందు వేసి స్పిరిటు దీపం మీద కాచింది. మూత్రానికి చేసే పరీక్ష రొట్టెకి చేస్తుంటే గణపతిరావు నోరు తెరుచుకుని చూశాడు. పిండి నీళ్ళు నీలంగానే ఉండిపోయాయి. రొట్టె నీళ్ళు కాగీ కాగకముందే ఆకుపచ్చయ్యాయి, పసుపయ్యాయి, ఇటుక రంగుకి వచ్చి కూర్చున్నాయి.

"సూసినారా? నా పిండిలో నేదు. రొట్టెలో ఉన్నాది. పిండి నానబెట్టి నాను బావ కాలికి కట్టు కడతన్నంతసేపూ వంటింట్లో ఎవులుంటారు పెద్ద బావా?"

జవాబు పెరటి గుమ్మంలోంచి వచ్చింది.

"నానే ఏసినాను. ఏటిప్పుడు?"

జగ్గమ్మ తడి చేతులు చీర కుచ్చెళ్ళకి తుడుచుకుంటూ లోపలికొచ్చింది. తప్పు చేసినదాని నడక కాదది.

"కన్నకొడుకు తిండిలో తల్లి బెల్లం ముక్క ఏస్తే నేరమేటి? పోలీసోళ్ళని పిలుస్తావేటి?"

"అత్తా! తీపి తగలకూడదని డాక్టరుగారు నీ ఎదట సెప్పలేదా? కాలు తీసెయ్యాలంతన్నారు, ఇన్నావా?"

"డాక్టరుకేటి తెల్సు మన ఇంటి సంగతి? ఉప్పు నేదు, తీపి నేదు. ఉత్త సప్పిడి పిండి. అది నిప్పుల మీదెట్టి బతికున్న మొగుడికి పెడతావేటే? మీ మావ పోయిన పదోనాడు అలాటి పిండే కదే వండినాం! నువ్వూ ఉన్నావు కదే ఆ పొయ్యి కాడ! మరిసిపోనావా? నా కొడుక్కి బతికుండగానే రోజూ పిండం పెడతంటే సూత్తా కూకోమంటావా నన్ను?"

వాళ్ళ కులంలో చప్పిడి పిండి కాల్చేది పోయినవాళ్ళకే. నిజమే. ఆ పొయ్యి దగ్గర తనూ ఉంది. ఆ సంగతి తనకి తట్టనే లేదు. ముసలిదానికి మాత్రం రోజూ అదే కళ్ళ ముందు కనిపించింది.

"బిళ్ళ తీపి రాస్తన్నాను కదత్తా" అంది, గొంతు తగ్గించి.

"బిళ్ళ మందు. మందు తీపి తీపే? సీసాలోది దేవుడు లెక్కెడతాడా? అందుకనే శాస్త్రానికి ఓ ముక్క ఏసినాను. అదీ తాటిబెల్లం. సెరుకు బెల్లం నాను ముట్టనేదు. తాటిబెల్లం సలవ, పచ్చి బాలింతకి పెడతాం. సక్కెరంటే తెల్లటిది కదే, ఇది నల్లగుంటాది."

"ముక్కేనా ఏసినావు? పాకంలాగున్నాది రొట్టె!"

జగ్గమ్మ అప్పటికి తడబడింది. "ముందర ముక్కే. ఆడు ఇష్టంగా తింటన్నాడని... మొకం ఇప్పారతన్నాదని... కూసింత ఎక్కువేసినాను."

తల్లి చెయ్యి ముక్క దగ్గర ఆగుతుందా? ఆగదు. అలా కొడుకు కాలిని చేజేతులా తినేసింది. ఆ సంగతి అప్పుడప్పుడే మనసుకెక్కుతున్నట్టు ఆవిడ గోడకి చేరబడి, అలాగే కిందికి జారి కూర్చుంది.

గణపతిరావు గబగబా వెళ్ళి తల్లి పక్కన గొంతుక్కూర్చున్నాడు. "ఊరుకో అమ్మా. నీకేటి తెల్సు? తెలీక సేసినావు. పెద్దదానివి" అని వీపు నిమిరాడు. ఎంత మెత్తగా అన్నాడో! ఇందాక ఇంటికప్పు ఎగిరిపోయేలా అరిచిన గొంతేనా ఇది అనిపించింది సుభద్రమ్మకి.

"ఆ 'తెలీక సేసినావు' అన్న మాట ఇందాక నాకెందుకు రాలేదు పెద్ద బావా? నా కాడికొచ్చేతలికి 'నిజం సెప్పు' అయిపోనాదేటి?"

"ఇప్పుడదెందుకే?"

"ఎందుకా? సరే, నా సంగతి ఒగ్గేయండి. బావ కాలు సంగతి సూడండి. ఆ ఎరుపు జబ్బుది కాదు, బెల్లానిది. ఇన్నాళ్ళూ అసలు పథ్యమే జరగనేదు. ఇదే మాట డాక్టరుగారికి సెప్తే కోత ఆపి ఇంకొన్నాళ్ళు సూస్తారు. కాలు నిలబడొచ్చు!"

గణపతిరావు ముఖం వెలిగింది. "అవునే! నిజమే! పద, సెప్దాం" అని లేచాడు. లేచినవాడు తల్లి వైపు చూశాడు, చూసి మళ్ళీ నెమ్మదించాడు.

"సెప్దాం. గానీ అమ్మ పేరెత్తకు. ఆసుపత్రిలో మనోళ్ళూ తెలిసినోళ్ళూ సవాలక్ష మంది. 'కన్నతల్లే కొడుకు కాలు తినేసినాది' అని జిల్లా అంతా టముకేస్తారు. ముసిల్ది ఆ మాటింటే నుయ్యో గొయ్యో సూసుకుంటాది. నువ్వే పొరపాట్న ఏసినావని సెప్పేయ్."

"నానా?"

"నువ్వే. తాటిబెల్లం తినొచ్చనుకున్నానని సెప్పు. సదువు నేదు కదా, నమ్ముతాడు."

చదువు లేదు కదా! సుభద్రమ్మ నవ్వింది. నవ్వు కాదది, కడుపు మంట. తన దగ్గరికి ఇల్లాళ్ళని పంపిన డాక్టరుగారి ఎదుట నిలబడి, నా మొగుడికి నేనే బెల్లం పెట్టానని చెప్పాలి. చెబితే ఇక ఏ ఇల్లాలు తన గడప తొక్కుతుంది? చెప్పకపోతే కాలు పోతుంది. గొంతు మీద కత్తి పెట్టి ఊ అనమంటున్నారు.

"బావ ఏటంటే అదే సెప్తాను" అని వంటింట్లోకి వెళ్ళింది.

ఊరికే వెళ్ళలేదు. మిగిలిన నిప్పులు రాజేసి, గణపతిరావు కళ్ళెదుట కలిపిన పిండినే చిన్న రొట్టెగా కాల్చింది. తెల్లగా, పాలిపోయి వచ్చింది. బిళ్ళ నీళ్ళు తడిపి, పళ్ళెంలో పెట్టుకుని మొగుడి గదిలోకి నడిచింది.

జగన్నాధం మంచం మీద దిండ్లకానుకుని ఉన్నాడు. పుండు వాసన గదంతా నిండింది. ఆవిడ అందించిన ముక్క నోట్లో వేసుకుని, రెండుసార్లు నమిలి ఆగిపోయాడు.

"సేదు" అన్నాడు.

"సేదే బావా. నా సేతి రొట్టంటే ఇదే. ఇన్నాళ్ళూ నువ్వు తిన్నది నాది కాదు, మీ అమ్మది. అంతా ఇన్నావు కదా?"

అతను పళ్ళెంలోకే చూస్తున్నాడు. ఆశ్చర్యపోలేదు. అయ్యో అనలేదు, అమ్మేటి, బెల్లమేటి అని అడగలేదు.

"బావా! నీకు ముందే తెల్సేటి?"

"తెల్సు."

"ఎలాగ?"

"కుంటుకుంటా పెరట్లోకి ఎల్తా సూసినాను. అమ్మ పిండిలో బెల్లం పిసుకుతన్నాది."

"సూసి?"

"తిన్నాను." అతను తలెత్తాడు. కళ్ళనిండా నీళ్ళున్నాయి. "నీకు తెలీదే సుభద్రా. తీపి నేకండా నోరు పాడుబడిపోతాది. ఓ ముక్కకేటవుతాదిలే అనుకున్నాను."

"మరి 'సెయ్యి తిరిగింది' అన్నావు. 'సేదన్న మాటే నేదు' అన్నావు. నాను ఎంత మురిసిపోనాను బావా!"

"అనకపోతే నీకు అనుమానమొస్తాదని."

ఇంతకన్నా కొట్టి ఉంటే బాగుండేది. అత్త చేసిన పనికి ఆవిడకి కోపమొచ్చింది, పెద్ద బావ మాటకి కడుపు మండింది. ఇది వేరు. తన బతుకులో ఒక్కసారి దొరికిన మెప్పు, అదీ దొంగ మెప్పు. బెల్లం ఆగిపోకుండా తన నోరు మూయడానికి వేసిన మెప్పు.

"ఇందాక మీ అన్న నన్నన్ని మాటలంతంటే ఇక్కణ్ణించి ఇన్నావు. నాను దొంగనైపోతంటే నోరిప్పనేదు."

"అమ్మ పేరెలాగ సెప్పమంటావు?"

"పోనీ ఇప్పుడు సెప్పు. డాక్టరుగారి కాడ ఎవరేసినారని సెప్పమంటావు?"

వీధిలో జీపు డ్రైవరు ఎర్రన్న హారను కొట్టాడు.

"అన్నయ్య సెప్పినట్టే కానీ. నువ్వే ఏసినావని సెప్పు. నీకేటి పోతాది?"

నీకేటి పోతాది! పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడకి ఏమేం పోయాయో ఎన్నడూ లెక్క చూసుకోలేదు. ఇప్పుడూ చూసుకోలేదు. పళ్ళెం తీసి కిటికీలో పెట్టింది.

"సరే బావా. బెల్లం ఎవరేసినారో సెప్పను. అత్త పేరు నా నోట రాదు, మా నాయన తోడు. తెలిసి తిన్నోడెవడో అది సెప్తాను."

జగన్నాధం ముఖం నల్లబడిపోయింది. "అయితే నాను జీపెక్కను" అన్నాడు.

"కాలు పోతాది."

"పోనీ. నలుగురిలో నవ్వులపాలయ్యే కన్నా కాలు పోతేనే నయం." అతను దుప్పటి లాక్కుని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

గుమ్మంలో గణపతిరావు నిలబడి ఉన్నాడు, వెనక జగ్గమ్మ. ఇద్దరూ విన్నారు. విని, మంచం మీద ఉన్నవాడిని ఒక్క మాట అనలేదు. ఇద్దరూ సుభద్రమ్మ మీదే పడ్డారు. "ఒప్పుకోవే! ఆడి కాలు నీ సేతుల్లో ఉన్నాది! ఇంత పంతమేటే ఆడదానికి!" అని గణపతిరావు. "నీ కాళ్ళట్టుకుంతానే కోడలా, నువ్వే ఏసినానని సెప్పేయే!" అని జగ్గమ్మ, నిజంగానే వంగి పాదాలు పట్టుకుంది.

సుభద్రమ్మ మేనత్త చేతులు మెల్లిగా విడిపించుకుంది. కొంగు బిగించి నడుంలో దోపుకుంది. గదిలోంచి వసారాలోకి, వసారాలోంచి వీధిలోకి నడిచి, జీపు ముందు సీటులో ఎక్కి కూర్చుంది.

"పోనీ ఎర్రన్నా."

ఎర్రన్న వెనక్కి తిరిగి చూశాడు. "రోగి ఏడమ్మా? రోగి నేకండా డాక్టరు కాడికి ఎందుకు?"

"సెప్పాల్సిన మాట రోగి కాడ నేదు, నా కాడున్నాది. పోనీ."

ఎర్రన్న తాళం తిప్పాడు. ఇంజను అందుకునేలోగా గణపతిరావు పరుగున వచ్చి, రెండు చేతులూ చాచి జీపుకి అడ్డంగా నిలబడ్డాడు.

"తమ్ముడు నేకండా ఇది కదిలిందో, నువ్వు మళ్ళీ ఈ గడప తొక్కనక్కర్నేదు సుభద్రా!"

సుభద్రమ్మ గడప వైపు చూసింది. తర్వాత ఎర్రన్న వైపు తిరిగింది.

"ఆయన్ని తప్పుకోమను ఎర్రన్నా. తప్పుకోకపోతే బస్సున్నాది" అంటూ జీపు దిగడానికి కాలు కింద పెట్టింది.